చెయ్యి పైకి లేవడం లేదు, భుజంలో ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. పదేళ్ళుగా షుగరుకి మాత్రలు వాడుతున్నాను. ఐదు నెలల కిందట ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. దెబ్బేమీ తగల్లేదు. గుండెకి సంబంధించిందేమోనని భయపడి ఈసీజీ తీయించుకుంటే బాగానే ఉందన్నారు. నొప్పి తగ్గకపోగా చెయ్యి పట్టేసింది. జడ వేసుకోలేను. రవిక తొడుక్కోవాలంటే మా అమ్మాయి రావాలి. రాత్రి ఎడమ పక్కకి తిరిగితే ప్రాణం పోతున్నట్టుంటుంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, అందులో ఏమీ లేదని, ఇది ఫ్రోజెన్ షోల్డర్ అని, కీలులో ఇంజెక్షన్ చేద్దామని అన్నారు. స్టెరాయిడ్ అనగానే షుగరు పెరుగుతుందని మావారు వద్దంటున్నారు. మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో ఒకాయన చెయ్యి పట్టి లాగి సరిచేస్తాడట, రమ్మంటోంది. మా స్కూల్లో ఒక మాస్టారు రెండేళ్ళు ఊరుకుంటే అదే పోతుందన్నారు. నన్నేం చేయమంటారు? రెండో చేతికి కూడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్తాను. మీ షుగరు మరీ అదుపు తప్పి లేకపోతే ఆ ఇంజెక్షన్ చేయించుకోండి. చెయ్యి లాగే ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకండి. రెండేళ్ళు ఊరికే కూర్చోవద్దు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, మీవారికి కూడా చదివి వినిపించండి. నేను ఫిజియోథెరపిస్టుని, ఇంజెక్షన్ చేసేది నేను కాదు. కానీ అది చేయించుకుని నొప్పి తగ్గాక వ్యాయామానికి వచ్చేవాళ్ళనీ, వద్దనుకుని పళ్ళ బిగువున వచ్చేవాళ్ళనీ రోజూ చూస్తుంటాను. మొదటి రకం వాళ్ళు హాయిగా నిద్రపోయి వస్తారు, చెయ్యి ముట్టుకోనిస్తారు. రెండో రకం వాళ్ళ భుజం నేను చెయ్యి వేయకముందే బిగుసుకుంటుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

భుజం కీలు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. చెయ్యి అన్ని వైపులా తిరగాలి కాబట్టి ఆ పొర మామూలుగా వదులుగా, చంక వైపు మడతలు పడి ఉంటుంది. ఈ జబ్బులో అది మొదట వాస్తుంది, ఆ తర్వాత మందమై కుంచించుకుపోతుంది. కొత్త నూలు రవిక ఒక్క ఉతుక్కే కుదించుకుపోయి చంక దగ్గర పట్టేస్తే చెయ్యెత్తడం ఎంత కష్టమో, ఇదీ అంతే. ఎముక అరిగిపోలేదు, కండరం తెగలేదు. అందుకే ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడనప్పుడు ఎక్స్‌రే ఎందుకు తీయించారని చాలామంది అడుగుతారు. కీలు అరుగుదల, కీలు తప్పడం లాంటివి ఇదే రూపంలో రావచ్చు. అవి కావని తేల్చుకోవడానికే అది. మీ లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఎంఆర్ఐ కోసం డబ్బు పెట్టక్కర్లేదు.

మీ డాక్టరు మాట మీద మీకు నమ్మకం కుదరడానికి ఒక పరీక్ష చెప్తాను. అద్దం ముందు నిలబడండి. రెండు మోచేతులూ మడిచి నడుముకి ఆనించండి, అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. ఇప్పుడు మోచేతులు నడుముని వదలకుండా ముంజేతుల్ని చెరో వైపుకీ తెరవండి. కుడిది బాగా తెరుచుకుంటుంది. ఎడమది కాస్త కదిలి ఆగిపోతుంది. అప్పుడు మీ అమ్మాయిని ఆ ఎడమ ముంజేతిని పట్టుకుని చాలా మెల్లగా బయటికి తిప్పమనండి. ఆమె తిప్పినా అక్కడే ఆగుతుంది. అసలు గుర్తు అదే. భుజం కండరం చిరిగినవాళ్ళకి సొంతంగా చెయ్యి లేవదు గానీ, పక్కవాళ్ళు ఎత్తితే చాలావరకు లేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎవరు ఎత్తినా లేవదు. ఇంకొకటి కూడా గమనించండి. ఎడమ చెయ్యి పైకెత్తబోతే రెక్క ఎముకతో సహా భుజం మొత్తం చెవి వైపుకి లేస్తుంది, చెయ్యి మాత్రం సగంలోనే ఉంటుంది. శరీరం అలా సర్దుకుంటుంది. అందుకే మీకు మెడ పక్కన, రెక్క దగ్గర కూడా నొప్పి వచ్చి ఉంటుంది. అది వేరే జబ్బు కాదు.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. ఏ దశలో ఉన్నామో తెలియకపోతే వైద్యం తలకిందులవుతుంది. మొదటిది నొప్పి దశ. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. తలుపు గడియ తీయబోయి, జారిపోతున్న గిన్నె పట్టుకోబోయి చెయ్యి ఒక్కసారి విసురుగా కదిలిందంటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఇది రెండు నుంచి తొమ్మిది నెలల దాకా ఉండొచ్చు. రెండోది బిగుసుకుపోయిన దశ. నొప్పి నెమ్మదిస్తుంది, చెయ్యి మాత్రం తిరగదు. ఇది నాలుగు నెలల నుంచి ఏడాది వరకూ ఉంటుంది. మూడోది వదులయ్యే దశ. ఐదు నెలలకే తెమిలేవాళ్ళున్నారు, రెండేళ్ళు పట్టేవాళ్ళూ ఉన్నారు. మధ్యలో గోడలేమీ ఉండవు, ఒకటి ఇంకొకదాంట్లో కలిసిపోతుంది. మీకు ఐదో నెల, రాత్రి నొప్పి ఇంకా ఉంది. అంటే మీరు మొదటి దశ చివరికి వస్తున్నారు. ఇంజెక్షన్ ఎక్కువ మేలు చేసేది ఈ దశలోనే. నొప్పంతా పోయి బిగుతు మాత్రమే మిగిలాక వేయించుకుంటే అంత ఫలితం ఉండదు. అందుకే ఆలోచిద్దాంలే అంటూ నెలలు గడపొద్దు.

షుగరుకీ దీనికీ సంబంధం ఏమిటని మీరు అడగలేదు గానీ, అది తెలియాలి. మామూలు జనంలో ఈ జబ్బు నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తే, షుగరు ఉన్నవాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుందని లెక్క. రక్తంలో ఎక్కువైన చక్కెర ఏళ్ళ తరబడి కీళ్ళ పొరల్లో ఉండే కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్‌కి అంటుకుని, పోగుల్ని ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. పొరకి సాగే గుణం తగ్గిపోతుంది. షుగరు పాతబడినవాళ్ళలో కొందరికి నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులూ పూర్తిగా ఆనవు, వేళ్ళ మధ్య సందు మిగులుతుంది. అదీ ఈ కోవలోదే. మీరూ ఒకసారి చూసుకోండి. థైరాయిడ్ ఉన్నవాళ్ళకి కూడా ఇది ఎక్కువ. మీ ఉత్తరం చదువుతున్నవాళ్ళలో నలభై దాటాక దెబ్బ తగలకుండానే భుజం పట్టేసినవాళ్ళెవరైనా ఉంటే, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. షుగరు ఉందన్న సంగతి భుజం ద్వారా బయటపడినవాళ్ళు లేకపోలేదు.

ఇక మీవారి భయం గురించి. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కీలులో చేసినా కొంత రక్తంలోకి వెళ్తుంది, షుగరు పెరుగుతుంది. మామూలుగా మర్నాటికల్లా పెరగడం మొదలై కొన్ని రోజులుంటుంది, ఒక్కోసారి వారం దాకా పట్టొచ్చు. తర్వాత దిగిపోతుంది. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగడం వేరు, కీలులో ఒక్కసారి వేయించుకునే ఇంజెక్షన్ వేరు. జనం భయపడేది మొదటిదాని చెడ్డపేరు చూసి.

దానికి తయారుగా ఉంటే సరిపోతుంది. ఇంజెక్షన్‌కి ముందు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు సగటు, చూపించుకోండి. అది బాగా ఎక్కువగా ఉంటే ముందు మీ షుగరు డాక్టర్ని కలిసి దాన్ని కిందికి తెచ్చుకోవాలి. షుగరు అదుపులో లేనివాళ్ళకి ఇన్ఫెక్షన్ భయం కూడా ఎక్కువ. సగటు ఫర్వాలేదంటే, ఇంజెక్షన్ వేయించుకున్నాక వారం పాటు ఇంట్లో గ్లూకోమీటరుతో రోజూ చూసుకోండి. ఎంత దాటితే ఫోన్ చేయాలో, మాత్రలు మార్చాలో లేదో డాక్టర్ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. సొంతంగా మాత్ర పెంచుకోవద్దు. ఇంజెక్షన్ తర్వాత జ్వరం వచ్చినా, భుజం ఎర్రబడి వేడెక్కినా మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి. అలా జరగడం చాలా అరుదు.

ఒక్క మాట మరచిపోవద్దు. ఇంజెక్షన్ నొప్పిని తగ్గిస్తుంది, కుంచించుకుపోయిన పొరని అది సాగదీయలేదు. కొన్ని వారాల పాటు నొప్పి తగ్గి ఉంటుంది. ఆ వారాల్లో చెయ్యి కదిలించుకుంటేనే అసలు లాభం. హమ్మయ్య తగ్గిపోయింది అనుకుని వ్యాయామం మానేసినవాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు.

చెయ్యి లాగే ఆయన విషయం. పూర్తిగా మత్తిచ్చి, కండరాలన్నీ వదులయ్యాక ఆస్పత్రిలో సర్జన్లు చెయ్యి తిప్పి పొర విడదీసే పద్ధతి ఉంది. అలా చేసినా భుజం ఎముక విరిగే ప్రమాదం కొద్దిగా ఉంటుందని ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. మత్తు లేకుండా, నొప్పికి కండరాలన్నీ బిగబట్టి ఉన్నప్పుడు ఒక మనిషి బలంగా లాగితే ఏమవుతుందో ఆలోచించండి. పైగా మీ వయసుకి ఆడవాళ్ళ ఎముకల్లో బలం తగ్గడం మొదలవుతుంది. ఎముక విరగకపోయినా, వాచి ఉన్న పొర చిరిగి వాపు రెట్టింపవుతుంది. నూనె రాసి పైపైన మర్దనా చేయించుకుంటే హాయిగా ఉంటుందంటే చేయించుకోండి, తప్పు లేదు. లాగడం, విరవడం, కట్టు కట్టి కదలకుండా ఉంచడం మాత్రం వద్దు. అసలే బిగుసుకున్న కీలుకి కట్టు కడితే ఇంకా బిగుసుకుంటుంది.

ఇది మావాళ్ళకి కూడా వర్తిస్తుంది. నొప్పి పుడితేనే వ్యాయామం పనిచేసినట్టు అని మీ చెయ్యి పట్టి ఏడిపించే ఫిజియోథెరపిస్టు దొరికితే, నొప్పి దశలో వద్దండీ అని చెప్పండి. 2004లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు 77 మంది రోగుల్ని రెండేళ్ళ పాటు గమనించి ఒక పరిశోధన ప్రచురించారు. నొప్పి దాటి బలంగా సాగదీయించుకున్నవాళ్ళలో 63 శాతం మంది దాదాపు మామూలు స్థితికి వస్తే, నొప్పి హద్దులో మెల్లగా కదిలించుకున్నవాళ్ళలో 89 శాతం మంది వచ్చారు. అది చిన్న పరిశోధనే. కానీ రోజూ మా గదిలో నేను చూసేదీ అదే.

రెండేళ్ళు ఊరుకుంటే పోతుందన్న మాస్టారి మాట సగం నిజం. చాలామందికి కాలంతో పాటు తగ్గే మాట వాస్తవమే. కానీ పూర్తిగా తగ్గుతుందన్న హామీ లేదు. 1992లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 62 మందిని సగటున ఏడేళ్ళ తర్వాత పిలిచి చూస్తే, సగం మందికి కొద్దిపాటి నొప్పో బిగుతో మిగిలే ఉంది. షుగరు ఉన్నవాళ్ళకి కోలుకోవడం ఇంకా ఆలస్యం. పైగా ఆ రెండేళ్ళూ నిద్ర లేకుండా, జడ వేసుకోలేకుండా గడపాల్సింది మీరు, ఆ మాస్టారు కాదు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. రోజూ వ్యాయామానికి ముందు పది నిమిషాలు వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకోండి. షుగరు వల్ల చర్మానికి స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాబట్టి వేడిని ముందు కుడి చేతితో చూసుకుని, సంచికి తువ్వాలు చుట్టి పెట్టుకోండి. తర్వాత కుడి చెయ్యి బల్ల మీద ఆనించి, నడుము దగ్గర వంగి, ఎడమ చేతిని కిందికి వేలాడనివ్వండి. ఒళ్ళు కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. చేతిని మీరు ఊపకూడదు, ఒంటి ఊపుకే అది ఊగాలి. తర్వాత గుండ్రంగా. రెండు మూడు నిమిషాలు చాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. దీన్ని 1930లలో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ సర్జన్ కాడ్‌మన్ పేరుతోనే పిలుస్తారు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టిందీ ఆయనే, 1934లో.

నొప్పి కాస్త తగ్గిందనిపించాక ఇంకొకటి కలపండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, రెండు మోచేతులూ ఒంటికి ఆనించి మడిచి, రెండు చేతులతో ఒక గొడుగో కర్రో అడ్డంగా పట్టుకోండి. కుడి చేత్తో కర్రని ఎడమ వైపుకి మెల్లగా నెట్టండి, ఎడమ ముంజెయ్యి బయటికి తెరుచుకుంటుంది. పట్టేసిన చోట ఆగి పదీ పదిహేను అంకెలు లెక్కపెట్టి వదలండి. ఐదు నుంచి పదిసార్లు. అందరూ గోడ మీద వేళ్ళతో పైకి పాకడం ఒక్కటే చేస్తుంటారు. చెయ్యి బయటికి తిరగనిదే పైకి సరిగా లేవదు, కాబట్టి ఈ కర్ర వ్యాయామం వదిలేయకండి. కూర్చుని బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టి ముందుకి జారుస్తూ ఒళ్ళు వంచడం కూడా బాగుంటుంది. వీపు వెనక తువ్వాలు పట్టి పైకి లాగే వ్యాయామం మాత్రం చివర్లోనే. రవిక హుక్కులు పెట్టుకోవాలన్న ఆత్రంతో చాలామంది ముందే దాన్ని మొదలుపెట్టి రాత్రంతా మూలుగుతారు.

ఎంత చేయాలో నొప్పే చెప్తుంది. చేస్తున్నప్పుడు లాగినట్టుండి, ఆపాక అరగంటలో సర్దుకుంటే సరిగ్గా చేస్తున్నట్టు. ఆ రాత్రి నొప్పి పెరిగితే మర్నాడు సగానికి తగ్గించండి గానీ, పూర్తిగా మానొద్దు.

నిద్ర గురించి ఎవరూ చెప్పరు, కానీ మిమ్మల్ని కుంగదీస్తున్నది అదే. వెల్లకిలా పడుకుంటే ఎడమ మోచేతి కింద దుప్పటి మడిచి పెట్టుకోండి, భుజం వెనక్కి జారదు. కుడి పక్కకి పడుకుంటే ఒక దిండు ఛాతీకి హత్తుకుని ఎడమ చెయ్యి దాని మీద వేయండి. రవిక తొడుక్కునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి ఎక్కించండి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయండి. ఈ కొన్ని నెలల కోసం ముందు వైపు హుక్కులున్నవి, కాస్త వదులు చేతులవి కుట్టించుకోండి. పై అరల్లో ఉన్న గిన్నెలు కిందికి దించించండి. బస్సులో పై కమ్మీ కుడి చేత్తో పట్టుకోండి. మీ అమ్మాయి సాయం అడగడానికి మొహమాటపడకండి. అయితే నడుము ఎత్తులో చేసే పనులకి, కూరలు తరగడం, బట్టలు మడవడం లాంటివాటికి, ఎడమ చేతిని వాడుతూనే ఉండండి.

మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని నెలల తరబడి వేసుకోవద్దు. షుగరు ఉన్నవాళ్ళ కిడ్నీలకి అవి ఇంజెక్షన్ కంటే పెద్ద ప్రమాదం. ఇళ్ళలో దీని గురించి ఎవరూ టెన్షన్ పడరు, ఒక్క ఇంజెక్షన్‌కి మాత్రం పడతారు.

ఇన్ని చేసినా చెయ్యి కదలకపోతే ఇంకా దారులున్నాయి. కీలులోకి సెలైన్ ఎక్కించి పొరని సాగదీసే పద్ధతి ఒకటి, ఇందాక చెప్పిన మత్తిచ్చి తిప్పే పద్ధతి ఒకటి, చిన్న గాటుతో కెమెరా పెట్టి పొరని విడదీసే ఆపరేషన్ ఒకటి. మొదట్లోనే ఆపరేషన్‌కి తొందరపడక్కర్లేదు. బ్రిటన్‌లో 35 ఆస్పత్రుల్లో 503 మంది మీద జరిగి 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మత్తిచ్చి తిప్పడం, కెమెరా ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీ ఈ మూడింటినీ పోల్చారు. ఏడాది తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడాతో ఏదీ మిగతావాటిని మించలేదు. అందుకే తేలికైన దారితో మొదలుపెట్టమంటాను. ఆరు నెలలు శ్రద్ధగా చేసినా ఫలితం లేకపోతే అప్పుడు సర్జన్‌తో ఆ మాట మాట్లాడండి.

గుండె గురించి మీరు భయపడి ఈసీజీ తీయించుకోవడం మంచి పని. చెయ్యి కదిలిస్తే వచ్చే నొప్పి భుజానిది. చెయ్యి కదపకపోయినా, మెట్లెక్కితేనో గబగబా నడిస్తేనో భుజం, దవడ, ఛాతీ పట్టేసి చెమటలు పడితే మాత్రం ఈసీజీ బాగుందన్న పాత కాగితం చూసుకుని ఊరుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. మోచెయ్యి దాటి వేళ్ళ దాకా తిమ్మిరి పాకితే మెడ చూపించుకోవాలి.

రెండో చెయ్యి సంగతి. ఒకసారి తగ్గిన భుజానికే ఇది మళ్ళీ రావడం అరుదు. రెండో భుజానికి వచ్చే అవకాశం కొంత ఉంది, షుగరు ఉన్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ. రాకుండా ఆపే మందంటూ లేదు. షుగరు అదుపులో పెట్టుకోవడం, కుడి చేతిని కూడా రోజూ అన్ని వైపులా తిప్పుతూ ఉండటం మీ చేతిలో ఉన్నవి. అద్దం ముందు చేసే ఆ పరీక్ష నెలకొకసారి కుడి చేతికి కూడా చేసుకోండి. ముంజెయ్యి ఇదివరకటంత తెరుచుకోవడం లేదనిపించినా, కుడి భుజం రాత్రిళ్ళు సలుపుతున్నా, ఈసారి ఐదు నెలలు ఆగకుండా ఆ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.